పద్మ బియ్యం వెంట మూడు ఊళ్లు

నేను సిరిసిల్ల వైపు వెళ్తున్నానని చెప్పగానే మా అపార్ట్‌మెంట్‌లో అందరూ నా మీద జాలిపడ్డారు. "అటు ఏముందండీ? ఎండ, బీడీలు, దుబాయి పోయినవాళ్ల ఇళ్లు" అంది కింది ఫ్లాటావిడ. తెనాలి నుంచి మా అక్క ఫోన్‌లో గొంతు తగ్గించి "నేతవాళ్ల కష్టాలు చూడ్డానికా?" అంది, చావింటికి బయల్దేరినదాన్ని పలకరించినట్టు. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల గురించి ఇలా చెప్పేవాళ్లందరిలో ఒక పోలిక ఉంది. ఒక్కరూ అటు బస్సెక్కినవాళ్లు కాదు.

నేను ఎక్కాను. ఏప్రిల్ మొదట్లో సిద్దిపేట దాటి ముస్తాబాద్ మీదుగా వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా కంకి బరువుకి వంగిన వరి. నేను డెల్టాలో పుట్టినదాన్ని. వరి అంటే మా సొంత ఆస్తి అనుకుంటూ పెరిగినదాన్ని. ఆ నెలలో మా కాలవలు ఎండిపోయి, మినుము కూడా తీసేసిన చేలల్లో గేదెలు తిరుగుతుంటాయి. ఇక్కడేమో చెరువుల్లో ఇంకా నీళ్లున్నాయి. నాకు కొంచెం కడుపు మండింది, దాచుకోను. అలాగని అంతా పచ్చగా ఉందని తిరగేసి చెప్పను. పత్తికట్టె పీకకుండా వదిలేసిన చేలూ చూశాను, కట్టి తాళం వేసిన మేడలూ చూశాను. చూడకుండా జాలిపడటం సోమరితనం అని మాత్రం గట్టిగా చెప్తాను.

నన్ను బయల్దేరదీసింది ఎదురు ఫ్లాట్ లత. కోరుట్ల దగ్గరి పల్లె ఆమెది. భర్త దుబాయిలో క్రేన్ నడుపుతాడు, పిల్లల చదువు కోసం ఆమె హైదరాబాద్‌లో ఉంటుంది. "మా అవ్వగారింట్ల ఒడిబియ్యం పోస్తున్రు, రా అక్కా, జెర ఊరు చూసినట్టయితది" అంది. పెళ్లయిన కూతురిని మూడేళ్లకో అయిదేళ్లకో పుట్టింటివాళ్లు పిలిచి, కొత్తచీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడి నిండా పోసి అత్తగారింటికి పంపే పద్ధతి ఇది. మా వైపు పెళ్లిలోనో సీమంతానికో ఒళ్లో గుప్పెడు గింజలు పోసి ముగిస్తాం. ఇక్కడ ఆ పిలుపు జీవితాంతం నడుస్తుంది.

బస్సు సగం దూరం వచ్చాక అసలు సంగతి చెప్పింది. లత అక్క పద్మ సిరిసిల్లలో ఉంటుంది. పద్మ భర్త మస్కట్ వెళ్లాడు. మొదట్లో ఫోన్లు చేశాడు, డబ్బు పంపాడు. తర్వాత రెండూ ఆగిపోయాయి. ఆరేళ్లయింది. ఉన్నాడని చెప్పేవాళ్లు లేరు, లేడని చెప్పేవాళ్లూ లేరు. ఒడిబియ్యం భర్త ఉన్నవాళ్లకే పోస్తారు. పద్మకు పోస్తే అతను ఉన్నాడని చెప్పినట్టు. చెల్లెలికి పోసి అక్కకు పొయ్యకపోతే, అతను పోయాడని పుట్టినిల్లే ఊరి ముందు ఒప్పుకున్నట్టు. వాళ్ల అవ్వ, అంటే అమ్మ, ఇంకా ఏదీ తేల్చలేదు.

"నువ్వేమనకు అక్కా" అని లత ముందే నా దగ్గర మాట తీసుకుంది. నన్ను ఎరిగినవాళ్లు ఇక్కడ నవ్వుకోవచ్చు.

సిరిసిల్లలో సూరత్ చీరలు

సిరిసిల్లలో బస్సు దిగి రెండు సందులు తిరిగామో లేదో చప్పుడు మొదలైంది. ఇంటి ముందు ముగ్గు, వెనక వంటగది, మధ్య గదిలో సాంచాలు. సాంచా అంటే మరమగ్గం. ఆ చప్పుడులో మాట్లాడుకోవాలంటే ఇద్దరూ గుమ్మం దాటి బయటికి రావాలి, లేదంటే వేళ్లతో, కనుబొమలతో సరిపెట్టుకోవాలి. మా ఆయనతో కాపురానికి ఇది మంచి ఏర్పాటని అనిపించింది.

పద్మ ఒక షెడ్డులో కండెలు చుడుతుంది. పెద్ద ఉండ మీది నూలు, సాంచాలో పెట్టే చిన్న గొట్టాలకు ఎక్కించే పని అది. ఆమెకు నలభై ఉండవు. నుదుట బొట్టు, మెడలో పుస్తెలు, కాళ్లకు మెట్టెలు. మమ్మల్ని చూసి చేయి ఆపకుండానే "కూసోన్రి, గీ డబ్బా అయిపోని" అని అరిచింది. అయిపోయాక పక్కనే ఉన్న ఒంటిగది ఇంటికి తీసుకెళ్లి భోజనం పెట్టింది. పచ్చిపులుసు, పప్పు, ఎర్రగా ఒక ఆకుకూర.

"గోంగూర బాగుంది" అన్నాను.

"గోంగూర గాదక్కా. పుంటికూర."

"రెండూ ఒకటేనమ్మా."

"ఒకటే అయితే పుంటికూరనే అనున్రి" అంది. గోంగూర మీద గుంటూరు జిల్లా మనిషికి పాఠం చెప్పినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు. రెండోసారి వడ్డించుకున్నాను.

మధ్యాహ్నం చీరల కోసం బజారుకు వెళ్లాం. కొట్టతను ఒక్కొక్కటే విప్పుతున్నాడు.

"ఇక్కడ నేసినవి చూపించు బాబూ" అన్నాను.

"ఇక్కడ నేసింది మీరు కట్టరు మేడం."

"ఎందుకు కట్టను?"

"ఇక్కడ మా గల్లీల నేసేది లంగ గుడ్డ. కడ్తరా?"

పద్మ నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగింది. కొట్టతను కొంచెం తగ్గి, పట్టు నేసేవాళ్లు కూడా ఉన్నారని, ముందే చెప్పి నేయించుకోవాలని, తన దగ్గరున్నవన్నీ సూరత్ నుంచి వస్తాయని వివరించాడు. "సిరిసిల్ల ఆడోళ్లు సూరత్ చీర కడ్తరు. సూరతోళ్లు ఏం కడ్తరో నాకెర్క లేదు మేడం" అన్నాడు. ఊరంతా పగలూ రాత్రీ బట్ట నేస్తుంటే ఆ ఊరి ఆడవాళ్లు పరాయి రాష్ట్రం చీర కట్టడం గురించి నేను అతనితో ఓ పావుగంట వాదించాను. అతను చాయ్ తెప్పించాడు. వాదన సాగినంతసేపూ చీరలు మడత పెడుతూనే ఉన్నాడు కాబట్టి నష్టపోలేదు.

ఇంతలో వాళ్ల అవ్వ రాజవ్వ ఫోన్ చేసింది. చేతిలో చీరలుండటంతో లత స్పీకర్ నొక్కింది.

"చిన్నదానికి జరీ అంచుది తే. అల్లునికి పాంటు షర్టు తే. పెద్దదానికి గూడ ఒక చీర తే, మామూలుది. చుట్టాలకు పెడ్తం సూడు, గసొంటిది."

ఒడిబియ్యానికి పెట్టే చీర వేరు, పండక్కి వచ్చిన బంధువుకి పెట్టే చీర వేరు. తేల్చలేదనుకున్న మాట అక్కడ సగం తేలిపోయింది. నేను నోరు తెరిచాను. లత నా తొడ మీద గట్టిగా గిల్లింది.

పద్మ మామూలు చీరల దొంతరలోంచి ఒకటి లాగి, అంచు రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది. "గిది రెండు ఉతుకులకే పోతది అవ్వా" అంది ఫోన్‌కి దగ్గరగా. తర్వాత లతకు తీసిన జరీ అంచు చీర లాంటిదే ఆకుపచ్చది తీసి కొట్టతని ముందు పెట్టింది. "గిది కట్టున్రి. నా బియ్యం సంగతి ఊర్లె చూస్కుందాం. చీరయితే గిదే."

ఫోన్ అవతల రాజవ్వ కొబ్బరికుడుకలు మర్చిపోవద్దని చెప్పి పెట్టేసింది.

కోరుట్ల, పసుపు

కోరుట్ల బస్టాండు చుట్టూ నాలుగు బోర్డులు చదివితే ఊరు అర్థమవుతుంది. టికెట్లు, వీసా మెడికల్, డబ్బు పంపకం, బంగారం. వీటి మధ్యలో పురుగుమందుల కొట్లు. సెలవు మీద వచ్చినవాళ్లను పోల్చడం తేలిక. చొక్కా ఇస్త్రీ నలగదు, మనిషి దాటిపోయాక కూడా అత్తరు వాసన నిలబడే ఉంటుంది. పద్మతో కలిసి ముగ్గురం పూరీ, ఆలుగడ్డ కూర తిన్నాం. మా వైపు పూరీకి శనగపిండి కూరే ఇస్తారు, దాని మీద కూడా నాకు అభిప్రాయాలున్నాయి కానీ ఇక్కడిది బాగుంది.

అక్కణ్నుంచి పల్లెకు షేరింగ్ ఆటో. వెనక సీటు నిండిపోయిందని డ్రైవర్ నన్ను ఒక బస్తా మీద కూర్చోబెట్టాడు. దిగేసరికి నా తెల్లచీర వెనకభాగం నిండు పసుపు. అది పసుపు బస్తా. వాకిట్లో నిలబడ్డ లత నాన్న మల్లయ్య నన్ను వెనక నుంచి చూసి, "మంచిదే. మా ఇంటికొచ్చినోళ్లకు మేము పసుపు పూస్తం, నువ్వు ముందే పూసుకొని వచ్చినవ్" అన్నాడు.

వీళ్లు సాలెవాళ్లే. తాత రోజుల్లో మగ్గం వదిలి పసుపు పట్టుకున్నారు. ఇంటి వెనక కళ్లం నిండా ఉడికించి ఎండబోసిన పసుపు. కొమ్ములు ఒక పక్క, గుండ్రటి మండలు ఒక పక్క. తొక్కితే గులకరాళ్లలా గలగలమంటాయి. ఎండిందో లేదో చూడటానికి మల్లయ్య ఒక కొమ్ము విరిచి చెవి దగ్గర పెట్టుకున్నాడు. పుటుక్కున విరిగితే ఎండినట్టు. నాకూ ఒకటిచ్చాడు. నాది వంగింది. "గది నిన్న పోసింది. నీ తప్పు గాదు" అని ఓదార్చాడు. మా దుగ్గిరాలలో కూడా పసుపు మార్కెట్ ఉందని, చిన్నప్పుడు చూశానని చెప్పాను. ఆయన మర్యాదగా విని, మా పసుపు రంగు తక్కువని తేల్చాడు. నేను ఒప్పుకోలేదు. ఈ విషయం ఇప్పటికీ తేలలేదు.

వంటింటి ముందు రాజవ్వ చాటలో బియ్యం పోసుకుని పసుపు కలుపుతోంది. పక్కన కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, పసుపుకొమ్ములు, రవికగుడ్డ. అన్నీ ఒక్కొక్క వరసే ఉన్నాయి. బియ్యం గంప కూడా ఒక్కటే. లతకు ఇచ్చిన మాట నాకు గుర్తుంది. అయినా అడిగాను.

"ఒక్క గంపే కలిపారేం పెద్దమ్మగారూ?"

"గారేంది బిడ్డా, నేనేమన్న తహసీల్దార్‌నా?" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది. "లత చెప్పిందా?"

"చెప్పింది. అల్లుడు దుబాయిలో ఉంటే ఫోన్ ఎదురుగా పెట్టుకుని పోస్తారట కదా. అది చెల్లుతుందా?"

"ఎందుకు చెల్లది? మనిషి కనవడ్తడు, మాట్లాడ్తడు."

"కనపడనంత మాత్రాన లేడని ఎలా అంటాం?"

"నేనన్ననా లేడని?" రాజవ్వ చేతులు చాటలోంచి తీసింది. "జెర ఇను బిడ్డా. ఉన్నడని పోసిననుకో. ఎన్నడో పోయిండని రేపు ఎరికయితే? మొగడు లేనిదానికి ఒడిబియ్యం పోసిన తల్లినైతనా కాదా? గా కీడు ఎవలకు తాకుతది? నా బిడ్డకే."

"ఈ ఆరేళ్లూ తాకింది కీడు కాదా?"

"గది దేవుడు చేసిండు. గిది నేను చేసినట్టయితది."

ఆమె మొండిదనీ, మూఢనమ్మకాల మనిషనీ బస్సులోనే తీర్మానించుకుని వచ్చాను. ఇక్కడ చూస్తే కూతురి మీద ఇంకో దెబ్బ తన చేత్తో వెయ్యడానికి భయపడుతున్న తల్లి. కానీ వాదనలో ఆఖరిమాట వదులుకోవడం నాకు చేతకాదు. "ఇంతకీ బియ్యం బిడ్డకు పోస్తారా, అల్లుడికి పోస్తారా?" అని అడిగాను.

ఆమె చాట ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. కళ్లంలోంచి మల్లయ్య గొంతు వినిపించింది. "మీ దిక్కు నీళ్లే గాదు, మాటలు గూడ మస్తు పారుతయ్ గదమ్మా."

పద్మ అప్పుడు బావి గట్టు దగ్గర అంట్లు తోముతోంది. అంతా వినే ఉంటుంది. చాయ్ ఇస్తూ మాత్రం, చక్కెర సరిపోయిందా అని అడిగింది, అంతే.

కుర్చీలో అల్లుడు

మర్నాడు పొద్దున సర్వపిండి పెట్టారు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లాకు కలిపి గిన్నె లోపలి గోడలకే అద్ది కాలుస్తారు. గిన్నె ఆకారంలోనే ఊడొస్తుంది. మా తపాలచెక్కకు చుట్టమే కానీ దీనికి కారం ఎక్కువ. మూడు తిన్నాను.

ఇంటి ముందు గదిలో ముగ్గు వేసి పీట పెట్టారు. దాని పక్కన ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీలో కొత్త పాంటు గుడ్డ, షర్టు గుడ్డ, తువ్వాల. వాటి మీద పాలపొడి డబ్బా, డబ్బాకి ఆనించి ఫోన్. ఫోన్‌లో లత భర్త, తలకి పసుపుపచ్చ హెల్మెట్‌తో, వెనక ఎక్కడో ఇనుము మోగుతుండగా. ముందే విన్నా, ఈ ఏర్పాటు చూసి నేనొక్కదాన్నే ఆశ్చర్యపోయాను. వాడలో అందరిళ్లలోనూ ఇదే పద్ధతట. ఫోన్‌కి కూడా బొట్టు పెట్టారు, సరిగ్గా కెమెరా అద్దం మీద. దాంతో అల్లుడికి అత్తగారింట్లో ఎర్రమచ్చ తప్ప ఏమీ కనపడలేదు.

"బావా, టోపీ తియ్యి, దండం పెట్టు" అంది వరసకి మరదలయ్యే ఒకమ్మాయి.

"టోపీ తీస్తే ఫోర్‌మెన్ జీతం తీస్తడు మరదలా."

లత పీట మీద కూర్చుని కొంగు పట్టింది. అయిదుగురు ముత్తయిదువలు వరసగా వచ్చి దోసిళ్లతో బియ్యం పోస్తున్నారు. మధ్యలో ఫోన్ ఆగిపోయింది. "బావ పోయిండు" అంది ఒక పిల్ల. వాళ్లమ్మ ఆ పిల్ల వీపు మీద ఒకటి వేసింది. "పోయిండనకు. కట్టయిండను." గదిలో కొందరు నవ్వారు. కొందరు పద్మ వైపు చూశారు.

పద్మ తలుపు పక్కన ఆకుపచ్చ చీరలో నిలబడి ఉంది. లత లేవగానే ఆమె వచ్చి, ఖాళీ అయిన పీట మీద కూర్చుని కొంగు పరిచింది.

"అవ్వా, నాగ్గూడ."

రాజవ్వ చేతిలో పళ్లెం అలాగే ఉంది. "ఏం జేస్తున్నవే?"

"ఆయన ఉన్నడో లేడో నాకెర్క లేదు. నేనైతే ఉన్న గద. నీ బిడ్డనే గద. నాకు పొయ్యి. కీడయితే నాకే కానీ, నేనొద్దంటలేను."

ఆమె గొంతు పెంచలేదు. సాంచాల చప్పుడులో బతికే మనిషి అంత నెమ్మదిగా మాట్లాడగలదని నేను అనుకోలేదు. ఆ ఇంట్లో నేను నోరు మూసుకున్నది ఆ కాస్త సేపే.

రాజవ్వ పళ్లెం కింద పెట్టి లోపలికి వెళ్లింది. అలిగి వెళ్లిందనుకున్నాం. ఇంకో గంపతో వచ్చింది. అందులో బియ్యం అప్పటికే పసుపు కలిపి ఉంది. కుడుకలు, ఖర్జూరాలు, పోకలు అన్నీ ఉన్నాయి. ఎప్పుడు కలిపిందో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. మొదటి దోసిలి తనే పోసింది. పోస్తున్నంతసేపూ కూతురి మొహం కేసి చూడలేదు.

తర్వాత ముగ్గురు వచ్చి పోశారు. అయిదో ఆవిడ, లతకు పోసినావిడే, చేతులు కొంగుకి తుడుచుకుంటూ నడుము నొప్పని గోడకు జరిగింది. రాజవ్వ చూపు తిరిగి తిరిగి నా మీద ఆగింది.

"నీ పెనిమిటి మంచిగున్నడా?"

"టీవీ ముందున్నాడు."

"గంతే చాలు. లొల్లి చేసినవ్ గద, రా. నువ్వే పొయ్యి."

దోసిలి ఎలా పట్టాలో కూడా ఎవరో నా వేళ్లు సర్ది చూపించారు. సగం ఒడిలో పడ్డాయి, సగం పీట చుట్టూ. "ఒలకబొయ్యకమ్మా, గివి కాలువ కింది వడ్లు గావు" అన్నాడు మల్లయ్య గుమ్మంలోంచి. పద్మ నవ్వింది. ఆ నవ్వుకి ఒడి కదిలి ఇంకొన్ని గింజలు కింద పడ్డాయి.

ఒకటి గమనించాను. లతకు వేసిన కుర్చీ తీసేశాక పద్మ పక్కన ఇంకో కుర్చీ వెయ్యలేదు. అల్లుడి బట్టలు పెట్టలేదు. బియ్యం బిడ్డకా, అల్లుడికా అని ముందురోజు నేనడిగినదానికి రాజవ్వ జవాబు అదే అయ్యుండాలి. గడప దాటే ముందు కూతుళ్లిద్దరూ తమ ఒడిలోంచి పిడికెడు బియ్యం తీసి పుట్టింటి గంపలో తిరిగి వేశారు. తల్లి ఇల్లు ఖాళీ కాకూడదని అలా చేస్తారట.

తర్వాత దావత్. బగార అన్నం, మేక మాంసం, మగవాళ్లకూ ముసలమ్మలకూ కల్లు. నాకూ ఒక గ్లాసు ఇచ్చారు. పుల్లటి మజ్జిగకి కొంచెం కోపం వచ్చినట్టుంది. రెండో గ్లాసు వద్దన్నాను, ఇంకోసారి బతిమాలితే తాగేదాన్ని. నడుము నొప్పావిడ వంగి వంగి వడ్డించింది. ఆ నొప్పి గురించి ఒక మాట అనాలని నాకు చాలా అనిపించింది. లత నా పక్కనే కూర్చుంది.

జగిత్యాల

ఒడిబియ్యం పోస్తే సరిపోదు. ఆ బియ్యం అత్తగారింట్లో వండి నలుగురికి పెట్టాలి. లత అత్తగారు కోరుట్లలోనే ఉంటారు కాబట్టి ఆమె పని ఆ సాయంత్రమే అయిపోయింది. పద్మ అత్త నర్సవ్వ జగిత్యాలలో చిన్నకొడుకు దగ్గరుంటుంది. తల్లి పోసింది సరే, అత్త పొయ్యి మీద పెడుతుందా? వండనంటే తల్లి పోసినదానికి కూడా విలువ ఉండదు. మర్నాడు జగిత్యాల బస్సులో పద్మ ఆ మూట పైన పెట్టనివ్వలేదు, ఒళ్లోనే పట్టుకుంది. "గా మూటకు టికెట్ కొట్టాల్నా?" అన్నాడు కండక్టర్. "కొట్టు. దానికి గూడ కిటికీ సీటే ఇయ్యి" అంది పద్మ.

ముందు వాళ్లిద్దరూ లత స్నేహితురాలి ఇంటికి వెళ్లారు, నేను కోట చూడటానికి వెళ్లాను. నక్షత్రం ఆకారంలో కట్టిన రాతికోట, చుట్టూ కందకం, బురుజుల మీద ఫిరంగులు. మా కొండవీడులా కాళ్లు పడిపోయేలా ఎక్కక్కర్లేదు, నేల మీదే ఉంది. నేను వెళ్లినప్పుడు లోపల చూడ్డానికి వచ్చినవాళ్లకన్నా మేకలు ఎక్కువున్నాయి. ఒక ఫిరంగి నీడలో ఇద్దరు కాలేజీ పిల్లలు చదువుకుంటున్నారు. నిజంగానే చదువుకుంటున్నారు, దగ్గరికి వెళ్లి చూశాను.

నర్సవ్వ సీజన్లో మామిడి మార్కెట్లో పని చేస్తుంది. పెట్టెల్లో కాగితం పరిచి కాయలు పేర్చే పని. ముగ్గురం కలిసి అక్కడికే వెళ్లాం. ఉత్తరాది లారీలు, హిందీ కేకలు, మామిడి జీడి వాసన. కొత్త కాపు అప్పుడే మొదలైంది. ఒక వ్యాపారి నా చేతిలో బంగినపల్లి కాయ పెట్టి హిందీలో ధర చెప్పాడు. తెలుగులో చెప్పమన్నాను. తెలుగులో పది రూపాయలు ఎక్కువ చెప్పాడు.

నర్సవ్వ గట్టి మనిషి. జీడి అంటకుండా చేతులకు పాత మేజోళ్లు తొడుక్కుంది. కోడలిని చూసింది, చేతిలో మూట చూసింది.

"పోసిన్రా?"

"పోసిన్రు అత్తమ్మా."

ఎవరు పోశారని గానీ, ఎలా పోశారని గానీ అడగలేదు. మేజోళ్లు తీసి, పక్కామెకు పెట్టె అప్పగించి, మాతో నడిచింది. ఇంటికెళ్లాక మూట తనే విప్పి, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. ఎంత కడిగినా అన్నం లేతపసుపుగానే దిగింది. కొంత తీసి బెల్లం వేసి పరమాన్నం చేసింది. శనగపప్పుతో బచ్చాలు చేసింది. మా బొబ్బట్లే, పల్చగా ఉంటాయి. వాడలో ఆడవాళ్లని పిలవమని చిన్నకోడలిని పంపింది. వండుతున్నంతసేపూ నన్ను ప్రశ్నలడిగింది. మీ ఆయనేం చేస్తడు, అద్దె ఎంత, కందిపప్పు కిలో ఎంత, నీ జుట్టు అసలుదేనా. పద్మనూ అడిగింది. సాంచాలు నడుస్తున్నాయా, పని దినాం దొరుకుతోందా, మోకాలు తగ్గిందా.

వాడ ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. ఒక ముసలామె అన్నం కలుపుతూ, "ఏమన్న ఎరికైందా బిడ్డా?" అని పద్మను అడిగింది.

"లేదు పెద్దవ్వా."

నర్సవ్వ అప్పుడే నెయ్యి కోసం లేచింది. తిరిగొచ్చి ముందు ఆ ముసలామెకే వడ్డించింది. వచ్చినవాళ్లందరూ తిన్నారు, అందరూ చేతులు కడుక్కున్నారు, ఎవరూ నడుము నొప్పని అనలేదు. పద్మ అత్త పక్కన కూర్చుని తింది. పుట్టింట్లో కన్నా ఎక్కువే తింది.

మాకు హైదరాబాద్ బస్సు, పద్మకు సిరిసిల్ల బస్సు. బస్టాండులో లత నీళ్లసీసా కొనడానికి వెళ్లినప్పుడు నేను ఉండబట్టలేక అడిగేశాను. "మీ అత్త అన్నీ అడిగింది. నా జుట్టు గురించి కూడా అడిగింది. కొడుకు గురించి ఒక్క మాట అడగలేదేం?"

"అడగది అక్కా. మొదాలు రోజూ అడిగేది. ఫోన్ చేసినప్పుడల్లా ఏడ్చేది. రెండేండ్ల సంది అడుగుతలేదు."

"ఎందుకని నువ్వు అడగలేదా?"

పద్మ తన బస్సు వైపు చూసింది. కండక్టర్ ఊరు పేరు అరుస్తున్నాడు.

"అడిగితే చెప్తదేమోనని అడుగుతలేను."

మూట ఖాళీ అయిన గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుని ఎక్కింది. కిటికీ పక్కనే సీటు దొరికింది. చేయి ఊపింది.

దారిలో లతను అడిగాను. ఆమెకూ తెలియదు, మధ్యలో నిద్రపోయింది. అతను ఎక్కడో ఇంకో ఇల్లు పెట్టుకున్నాడని నర్సవ్వకు తెలిసిందా? లేడనే కబురు వచ్చిందా? లేక ఏ కబురూ లేకుండా అడిగి అడిగి అలిసిపోయిందా? నేను ఆ అన్నం తిన్నాను. అందులో నేను పోసిన దోసిలి కూడా ఉంది. కోడలి బియ్యం చేతులారా కడిగి, వండి, వాడంతా పిలిచి పెట్టిన ఆ మనిషికి కొడుకు సంగతి ఏం తెలుసు? తెలిసే వండిందా?